బావి గోడ మీద బుడ్డక్షరాలు

కర్నూలు రాజధాని అయిన ఏడాది మా ప్రెస్సులో ఊపిరి సలపని పని. ఆఫీసులను గుడారాల్లో పెట్టారు. గుమాస్తాలు గుడారాల్లోనే కాపురాలు పెట్టారు. వాళ్ల వెనకే హోటళ్లు, బట్టల కొట్లు, నాటకాల కంపెనీలు, టూరింగు టాకీసులు వచ్చాయి. వచ్చిన ప్రతివాడికీ గోడ మీద అంటించడానికి ఒక కాగితం కావాలి, దాని మీద దూరానికి కనిపించే అక్షరం కావాలి. అలాంటి అక్షరం మా దగ్గర లేదు. మా సీసపు అక్షరాల్లో అన్నిటికన్నా పెద్దది బొటనవేలంత. అంతకు మించినవి మద్రాసు నుంచి రావాలి. వాటి బరువు తలుచుకొనే మా యజమాని వద్దనేవాడు.

నేను అక్కడ కంపోజిటర్ని. చిన్నప్పుడు మా నాయన దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నాను. ఆ తర్వాత క్రైస్తవ మిషను వాళ్ల అచ్చుకూటంలో అక్షరాలు పేర్చడం నేర్చుకున్నాను. ఆ రెండు పనులూ కలిపి టేకు చెక్కలో పెద్ద అక్షరాలు చెక్కుతానని యజమానితో అన్నాను. ఆయన నమ్మలేదు గానీ చెక్క మాత్రం తెప్పించాడు.

తెలుగు అక్షరం వెడల్పుగా, గుండ్రంగా, బాసిపట్లు వేసుకొని కూర్చుంటుంది. మాకు కావలసింది నిలబడే అక్షరం. ఎందుకంటే మా పల్లెల్లో ఇండ్ల గోడలన్నీ మొరటు రాళ్లవి, కాగితం వాటికి అంటుకోదు. అంటించేది వాకిలి పక్క చెక్కల మీద, చావిడి స్తంభాల మీద, చెట్ల మొదళ్ల మీద. అన్నీ ఇరుకు జాగాలే. అందువల్ల కాగితం సన్నగా, పొడుగ్గా ఉండేది. ఆ సన్నటి కాగితంలో నందికొట్కూరు అన్న పేరు ఒకే వరసలో, ఎడ్లబండిలో పోయేవాడికి కూడా కనిపించేటట్టు పట్టాలి. నేను పెట్టుకున్న పరీక్ష అదే.

ముందు 'ర'ను రెండు పక్కలా నొక్కి, కోడిగుడ్డును నిలబెట్టినట్టు చేశాను. దూరానికి కనిపించాలంటే గీత లావుగా ఉండాలి. లావు చేస్తే లోపలి ఖాళీ పూడిపోయి, అచ్చు వేసినప్పుడు సిరా ముద్దగా పడింది. పక్క గీతలు లావుగానే ఉంచి పైనా కిందా కొంచెం సన్నం చేస్తే అక్షరానికి గాలి ఆడింది. తలకట్టు చివరలు, ఒత్తుల తోకలు మొదట్లో కోసుగా చెక్కాను. అచ్చు యంత్రం ఒత్తిడికి అవి కొద్ది రోజులకే విరిగిపోయాయి. అప్పుడు ఆకురాయి పట్టి ప్రతి కొసనూ అరగదీసి, వేలికొస మాదిరి మొద్దుగా, గుండ్రంగా చేశాను. 'య', 'ణ' నన్ను చాలా ఏడిపించాయి. వాటి కడుపులను ఒకదానికొకటి ఎంత దగ్గరికి జరిపితే అక్షరం చెడకుండా ఉంటుందో తెలుసుకోవడానికి ఎన్ని చెక్కలు పాడుచేశానో చెప్పలేను. ఒత్తు కింది వరసలోకి దిగి గొడవ చేస్తుంటే, పైఅక్షరాన్నే కాస్త పొట్టి చేసి దానికి చోటిచ్చాను.

మొదటి అచ్చు తీసి చూపించినప్పుడు యజమాని కాగితాన్ని దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని చూశాడు.

"ఏమప్పా, ఇవి అక్షరాలా, బుడ్డలా? వేయించుకొని తినేటట్టుండాయే."

మా వైపు వేరుశనక్కాయలను బుడ్డలంటారు. సన్నగా, నిండుగా, కొసలు గుండ్రంగా ఉన్న నా అక్షరాలకు ఆ పేరే స్థిరపడింది. బుడ్డక్షరాలు.

అవి పాకిపోయాయి. డోన్ నుంచి నాటకాలవాళ్లు, బద్వేలు నుంచి నూనె మిల్లువాళ్లు వచ్చి, ఆ అక్షరాలతోనే వేయమని అడిగేవాళ్లు. గోడలకు రంగులేసే పెయింటర్లు మా కాగితాలు చింపుకుపోయి, వాటిని చూసి సోడా కొట్ల మీద, బస్సుల నెత్తి మీద రాసేవాళ్లు. ఊళ్లో ఎటు నడిచినా నా చేతిపని నన్ను పలకరించేది. దానికి నేను మురిసిపోయాను. పని బాగుంటే మురవడం తప్పు కాదు. కానీ ఆ అక్షరం ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ నప్పదు అన్న ప్రశ్నను నేను వేసుకోవడం మానేశాను. అది తప్పు.

మరుసటి ఎండాకాలం మా క్రైస్తవ సభల కాగితాలు మా ప్రెస్సుకే వచ్చాయి. నందికొట్కూరు అవతల ఒక పల్లె బయట ఏటేటా పందిళ్లు వేసి సభలు జరిపేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వంటసామాన్లతో సహా బండ్లలో వచ్చి అక్కడే ఉండేవాళ్లు. పసుపు కాగితం, చుట్టూ పూల అంచు, మధ్యలో బుడ్డక్షరాలతో 'అందరూ రండి'. ఆ కాగితం అంటించని ప్రార్థనల గుడి లేదు, చావిడి లేదు.

అవి పంపిన తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టరు ప్రెస్సుకు వచ్చాడు. సభలు జరిగే చోట ఉన్న దిగుడుబావి మంచిది కాదని, దాంట్లో నారికురుపు పురుగు ఉందని చెప్పాడు. నీళ్లలో కంటికి ఆనని నలుసు ఉంటుంది. అది కడుపులోకి పోతే ఏడాదికి కాల్లోంచి దారం లాంటి పురుగు బయటికి వస్తుంది. కాలు బొబ్బెక్కి మండుతుంది. ఆ కాలు నీళ్లలో పెడితే పురుగు పిల్లల్ని వదిలి ఆ బావినీ పాడు చేస్తుంది. తాగే ముందు నీళ్లను మడత గుడ్డలో వడగడితే చాలు, ఏమీ కాదు. ఇదంతా ఓపిగ్గా చెప్పి, బావి గచ్చు గోడ మీద అంటించడానికి హెచ్చరిక కాగితాలు కావాలన్నాడు. పెద్ద అక్షరాలు వేయమన్నాడు, తొందరగా కావాలన్నాడు.

సభల కాగితానికి అక్షరాలు బిగించిన ఫారం ఇంకా విప్పలేదు. పూల అంచు కట్టింది కట్టినట్టే ఉంది. పసుపు కాగితం మిగిలి ఉంది. నేను మధ్యలో మాటలు మాత్రం తీసి, బుడ్డక్షరాలతోనే కొత్త మాటలు పేర్చాను. 'ఈ బావి నీళ్లు వడగట్టక తాగరాదు. కాలి పుండు గలవారు నీళ్లలో దిగరాదు.' అచ్చు తీసి ఆరబెట్టినప్పుడు చూసుకొని, సర్కారు కాగితం మీద కూడా నా అక్షరాలు ఎక్కాయని సంతోషపడ్డాను. ఇంకే ఆలోచనా నాకు రాలేదు.

మా అక్క గురించి ఇప్పుడు చెప్పాలి. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. చిన్న వయసులోనే భర్త పోతే మిషను ఆసుపత్రిలో పురుళ్ల పని నేర్చుకొని, నందికొట్కూరు దగ్గర పల్లెలో ఉండేది. చుట్టూ ఊళ్లకు కాలినడకన పోయి కాన్పులు చేసేది. రెడ్ల ఇండ్లు, మా పేట ఇండ్లు అన్న తేడా లేకుండా అందరూ ఆమెను పిలిచేవాళ్లు. బాగా చదవగలదు. బైబిలు చదివి వినిపించమని పేటవాళ్లు ఆమె చుట్టూ చేరేవాళ్లు. ఆమె బతుకంతా ఆ రెండు కాళ్ల మీదే నడిచేది.

సభలు అయిపోయాక ఆమె కర్నూలు వచ్చి, నేరుగా ప్రెస్సుకే వచ్చింది. నేను అక్షరాల కేసు ముందు నిలబడి పని చేసుకుంటున్నాను.

"అబ్బీ, నీ బుడ్డక్షరాలు ఆడ బావి గోడ మింద గూడా అంటిచ్చినారే. మా పేట ఆడోళ్లకందరికీ చూపించినా, మా తమ్ముడు చెక్కినవి అని."

చేతిలో అక్షరాన్ని కేసులో పడేశాను. "చదివినావా అక్కా?" అన్నాను.

"చదివేదేముండాది? మా గుడి స్తంభం మింద పొద్దన్నే చూస్తాండేదే గదా. అందరూ రండి, అందరూ రండి. వచ్చినాం గదా, ఇంగేం జెయ్యల్ల?" అని నవ్వింది.

ఏ నీళ్లు తాగారని అడిగాను. ఆ బావివేనంది. శానా చల్లగా ఉన్నాయని, దిగి దోసిళ్లతో తాగామని చెప్పింది.

అదే కాగితం, అదే అంచు, అదే అక్షరం. వాళ్లు చదవడం రాక వదిలేయలేదు. ఊరూరా చూసి చూసి, అది ఏం చెబుతుందో తెలుసుననుకున్నారు. అది రమ్మని పిలిచే అక్షరం. నాటకానికి రమ్మంటుంది, సినిమాకు రమ్మంటుంది, సభకు రమ్మంటుంది. అలాంటి అక్షరంతో నేను వద్దు అన్న మాట వేశాను. ఆ మాట ఎవరికీ వినపడలేదు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ రోజు నేను చేసిందల్లా, ఆమెకు హోటలు నుంచి ఇడ్లీలు తెప్పించడం. ఆమె తింటుంటే ఎదురుగా కూర్చొని వేరే సంగతులు మాట్లాడాను. ఆమెను బస్సెక్కించి, తిన్నగా ఇన్‌స్పెక్టరు ఉండే గుడారానికి పోయాను. తాగినవాళ్లకు మందేమన్నా ఉందా అని అడిగాను. లేదన్నాడు. తాగిన ప్రతివాళ్లకూ రాదని, వచ్చేదీ రానిదీ తెలియాలంటే వచ్చే ఎండాకాలం దాకా ఆగాల్సిందేనని చెప్పాడు. మందు లేనప్పుడు చెప్పి ఏం లాభం, ఏడాదంతా ఆమెకు దిగులు తప్ప అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పైకి అది దయలా కనిపించింది. నిజానికి నేను కాపాడుకుంటున్నది నన్నే.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పడం కష్టం. ఎక్కడ బుడ్డక్షరాలు కనిపించినా పక్క సందులోకి మళ్లేవాణ్ని. అవి లేని చోటు ఊళ్లో లేకుండా చేసింది నేనే. ఎన్నికల కాగితాలకు రాత్రింబగళ్లు అవే అక్షరాలు కావాలన్నారు. ఆదివారం గుడిలో ప్రభు సంస్కారపు రొట్టె ఇచ్చేటప్పుడు నేను లేచి ముందుకు పోవడం మానేసి, వెనక బల్ల మీదే ఉండిపోయేవాణ్ని. అక్కకు ఏమీ కాకూడదని ప్రార్థన చేసేవాణ్ని. కానీ ఆమెకు ఏమీ కాకపోతే నేను ఏమీ చెప్పనక్కర్లేదన్న ఆశ ఆ ప్రార్థనలో ఎంత భాగమో నాకు తెలుసు.

వీలైనప్పుడల్లా ఆమె ఊరికి పోయేవాణ్ని. పోగానే చూపు ఆమె పాదాల మీదికే పోయేది. చీలమండ దగ్గర దోమ కుట్టినా అదేమిటని అడిగేవాణ్ని. ఒకసారి కొత్త చెప్పులు తీసుకుపోయి ఇచ్చాను.

"ఏంది అబ్బీ, వచ్చినప్పటినుంచి నా కాళ్లే చూస్తాండావు? కడియాలు గిన చేపిస్తావా ఏమి?" అంది.

నవ్వాను. ఆ నవ్వుతో ఇంకొన్ని నెలలు నెట్టుకొచ్చాను.

ఎండలు ముదిరాక, అక్క నడవలేకపోతోందని ఆ ఊరి నుంచి సంతకు వచ్చిన మనిషి ప్రెస్సు గుమ్మంలో నిలబడి చెప్పాడు. వెంటనే బస్సెక్కాను. నందికొట్కూరులో దిగి, బండి దొరక్క నడిచిపోయాను. దారంతా, కాలు బెణికి ఉంటుందని, ముల్లు గుచ్చుకొని ఉంటుందని మనసులో వరసపెట్టి కారణాలు చెప్పుకున్నాను.

ఆమె వసారాలో నులకమంచం మీద పడుకొని ఉంది. చీలమండ పైన పుండు. అందులోంచి తెల్లటి దారం లాంటిది బయటికి వచ్చి, ఒక పుల్లకు చుట్టి ఉంది. అలా రోజూ కొంచెం కొంచెంగా చుట్టుకుంటూ రావాలి, తెగకూడదు. మా వైపు అందరికీ తెలిసిన పనే. నన్ను చూసి ఆమె మొహం వెలిగింది.

"రా అబ్బీ. భయపడద్దు, పురుగే. అది రాకముందు మంట చూడల్ల, నిప్పులు పోసినట్టుండె. తట్టుకోలేక మన పేట బావికాడికి పోయి మెట్ల మింద కూచ్చొని కాలు నీళ్లలో పెట్టినా. ప్రాణం లేచొచ్చింది."

ఆ పేటకు ఉన్నది ఆ దిగుడుబావి ఒక్కటే. ఊళ్లో పెద్ద కులాలవాళ్ల మంచినీళ్ల బావి వేరు, మా వాళ్లు దాని దగ్గరికి పోకూడదు. నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. అక్కడ చెప్పాను. సభల దగ్గర బావి గోడ మీద ఉన్న కాగితం ఏమిటో, దాంట్లో ఏమని ఉందో, దాన్ని ఆ అక్షరాలతో ఎందుకు వేశానో అంతా చెప్పాను.

అంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"నేను ఆ నీళ్లు తాగినానని నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ప్రెస్సుకొచ్చి చెప్పిన దినమే."

ఆమె వంగి, పుల్లకు చుట్టిన దారం తెగలేదని చూసుకుంది. నేను తిట్టమని మనసులో వేడుకున్నాను. తిట్టలేదు.

"నాకు పురుగొచ్చేది వచ్చేదే. నువ్వు చెప్పింటే ఆగేది గాదు. అది నేను అర్థం చేసుకుంటా" అంది. "కానీ చెప్పింటే బావిలో కాలు పెట్టకపోదును గదా అబ్బీ. నా చేతుల్లో పుట్టిన పిల్లోళ్లు ఆ నీళ్లే తాగుతాండారు."

ఆమె పక్కింటి అన్నదమ్ములను పిలిపించి మంచం ఎత్తమంది. ఎక్కడికని వాళ్లు అడిగితే, ఇల్లిల్లూ తిప్పమంది. పుండు పచ్చిగా ఉందని నేను ఆపబోయాను. "నన్ను మోసేటోళ్లు అప్పుడే దొరికినారు, మంచిదే గదా" అని వాళ్లను నవ్వించింది గానీ నా వైపు చూడలేదు. నేను మూడో కోడు పట్టుకున్నాను. నాలుగో కోడుకు పక్కింటావిడ చెయ్యి వేసింది.

మొదటి ఇంటి ముందు ఆమే చెప్పింది. బావిలో తాను కాలు పెట్టిందని, నీళ్లు పాడయ్యాయని, గుడ్డ మడిచి కడవ మూతికి కట్టి వడగట్టుకోమని, కాలు మండినవాళ్లెవరూ బావిలో దిగొద్దని. రెండో ఇంటి ముందు మంచం దించగానే నాతో అంది. "ఇంగ నువ్వు చెప్పు."

వాకిట్లో ఒక ముసలమ్మ, కోడలు ఉన్నారు. నా నోటికి వచ్చింది కాగితం మీది మాటే. "ఈ బావి నీళ్లు వడగట్టక తాగరాదు" అన్నాను.

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అదేందప్పా, తాసీల్దారు మాదిరి మాట్లాడతాండావు? మాకు తెలిసేటట్టు చెప్పు."

నేను కూర్చొని తెలిసేటట్టు చెప్పాను. ఇదంతా మీకెట్లా తెలుసని కోడలు అడిగింది. నాకు ఏడాది కింద నుంచీ తెలుసని, మా అక్కకు కూడా చెప్పలేదని అన్నాను. కోడలు మా అక్క వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. లోపలికి పోయి, పాత చీర చెంగు చింపుకొచ్చి నాలుగు మడతలు వేసి, ఇట్లా చాలునా అని అడిగింది. పేట చివరి దాకా అలాగే చెప్పుకుంటూ పోయాం. కొన్ని ఇండ్లలో నన్ను తిట్టారు. ఒకాయన మా అక్క మీద కూడా నోరు చేసుకున్నాడు. అప్పుడు మాత్రం, తప్పు ఆమెది కాదని ఎవరూ అడక్కముందే చెప్పగలిగాను.

అక్క కాల్లోని పురుగు సగంలో తెగిపోయింది. కాలు వాచి, చీముపట్టి, మానేసరికి చీలమండ బిగుసుకుపోయింది. ఆ తర్వాత అక్క కర్ర పట్టుకొని పేటలో తిరగగలిగేది గానీ, దూరపు ఊళ్లకు నడవలేకపోయింది. బండి కట్టుకొని వచ్చి తీసుకుపోగలిగిన ఇండ్లకే ఆమె పోయేది. బండి లేని ఇండ్లలో ఆడవాళ్లు ఏమయ్యారో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

హెచ్చరిక కాగితాలను నేను తర్వాత తెల్ల కాగితం మీద, అంచు లేకుండా, మా దగ్గరున్న మామూలు సీసపు అక్షరాలతో వేసి ఇచ్చాను. అక్షరం చిన్నదని ఇన్‌స్పెక్టరు గొణిగాడు. దగ్గరికి వచ్చి చదువుతారని చెప్పాను. అయినా నాకు నమ్మకం లేక ఆదివారాలు గుడి అయ్యాక పేటకు పోయి బావి దగ్గర కూర్చునేవాణ్ని. గుడ్డ లేకుండా కడవ ముంచినవాళ్లను ఆపేవాణ్ని. నన్ను చూడగానే ఆడవాళ్లు, వచ్చినాడమ్మా బావి పోలీసు అనేవాళ్లు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఎవరికైనా పురుగు వచ్చిందేమో చూడటానికి నేను ఇల్లిల్లూ తిరిగాను, ఈసారి ఒక్కణ్నే. మొదటి వరసలో ఒక ఇంట్లో ఇంటాయన కాలికి పుల్ల కట్టుకొని అరుగు మీద కూర్చొని ఉన్నాడు. అది నిరుటి సభల నీళ్లతో వచ్చిందో, మా అక్క కాలితో వచ్చిందో తేల్చే దారి లేదు. నేను ఎదురుగా నిలబడ్డాను. అయిపోయిందిలే పో అన్నాడు, మొహం పక్కకు తిప్పుకొని. నేను తర్వాతి ఇంటికి పోయాను.

ఆ ముసలమ్మ ఇంటి ముందు కోడలు బియ్యం చెరుగుతోంది. ఒళ్లో బిడ్డ ఉంది. నేను వాకిట్లో నిలబడి ఏమని అడగాలో తెలియక చూస్తుంటే, ఆమె చేట పక్కన పెట్టింది. చీర కుచ్చెళ్లు కాస్త పైకి లాగి రెండు పాదాలు ముందుకు చాపింది. తర్వాత బిడ్డ కాళ్లు కూడా పట్టుకొని నా వైపు చూపించింది.

"చూడప్పా, ఏమీ లే. ఇంగ పక్కింటికి పో."